చేప చెయ్యి, మందు చెయ్యి

పోయిన నెల ఒక పొద్దున్న లేచేసరికి నా మెడ పట్టేసింది. కుడివైపు తిరుగుతోంది, ఎడమవైపు మాత్రం తిరగనని మొండికేసి కూర్చుంది. ఎవరైనా ఎడమపక్క నుంచి పలకరిస్తే మనిషిని మొత్తం తిప్పుకుని జవాబు చెప్పాల్సి వస్తోంది. మా కోడలు ఒక పూట చూసి, "ఇలా వదిలేస్తే లాభం లేదత్తయ్యా" అని రాజమండ్రిలో ఎముకల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కుర్రాడే. బొటనవేలితో మెడ మీద అక్కడా ఇక్కడా నొక్కి, నేను అబ్బా అన్నచోట ఆగి, "కండరం బిగుసుకుపోయిందమ్మా, ఇంకేం లేదు" అని ఒక ట్యూబు రాసిచ్చారు. బిగుసుకున్న కండని వదులు చేసే జెల్లు అట. మింగేది కాదు, పైన రాసుకునేది. "పైన రాస్తే లోపలున్న కండకి ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను. చర్మంలోంచి ఇంకుతుందన్నారు. ఇంకేది ఆ కండ దగ్గరే ఆగుతుందని నమ్మకం ఏమిటి, ఇంకా లోపలికి పోతేనో అని అడగబోతుంటే మా కోడలు మోచేత్తో పొడిచింది. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ప్రశ్న అడిగితే పొడిపించుకోవడం నాకు అలవాటు లేదు. అయినా మందుల చీటీ తీసుకుని లేచాను.

ఇంటికొచ్చి మూత తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు. కొంచెం వేలిమీద వేసుకుని చూశాను. నీళ్ళలా చల్లగా ఉంది తప్ప ముక్కుకి ఏమీ తగల్లేదు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. నొప్పి మందంటే కర్పూరమో, పుదీనా పువ్వో, వావిలాకో, ఏదో ఒకటి గుమ్మంలోంచే చెప్పాలి ఇంట్లో ఎవరికో నడుం పట్టేసిందని. వాసన లేని మందు పేరు చెప్పుకోని మనిషిలాంటిది, ఇంట్లోకి రానివ్వడానికి మనసొప్పదు. ఆ మాటే అంటే మా కోడలు నవ్వింది. "వాసన లేకపోవడమే దీని గొప్ప అత్తయ్యా. రాసుకుని ఆఫీసుకి కూడా వెళ్ళిపోవచ్చు. పక్కవాళ్ళకి తెలియనే తెలీదు" అంది. ఆ మాట విన్నాక నేను ట్యూబుని ఇంకోసారి తిప్పి చూశాను. పక్కవాళ్ళకి తెలియని మందు. ఇది మా అమ్మకి దొరకాల్సింది.

మాది ధవళేశ్వరానికి దిగువన గోదారి ఒడ్డున చేపలు పట్టే ఇల్లు. అయ్య వల వేసేవాడు. అమ్మ, ఆవిడ పేరు సత్తెమ్మ, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళి అమ్మేది. అయ్యని కన్న తల్లి, మా మామ్మ, అందర్నీ అనుమానించేది. ఇది ఎగతాళికి అనడం లేదు. మా ఇంట్లో అనుమానించడం కూడా ఒక పని, ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. మామ్మ ఉప్పు కొంటే నాలిక మీద వేసుకుని చూశాకే కొంగులో కట్టుకునేది. కిరసనాయిలు సీసా ఊపి చూసేది. చుట్టం వస్తే చెప్పులు విడిచిన తీరు చూసి ఎందుకొచ్చాడో అంచనా కట్టేది. అయ్య వల దులిపి చేపలు పోస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్కదాని మొప్ప ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకునేది, కన్నకొడుకు పట్టిన చేపే అయినా సరే. ఆవిడ "ఊఁ" అంటేనే అది గంపలోకి వెళ్ళేది. తల అడ్డంగా ఆడిస్తే ఆ పూట అది మా కూర. మా ఇంట్లో రోజూ కూర ఉండేది కానీ మంచి చేప ఎప్పుడూ ఉండేది కాదు.

అమ్మ గంప చాలా బరువు. కింద తడి గోనె, దానిమీద చేపలు, పైన మళ్ళీ తడి గోనె, ఆ గోనె నీళ్ళు కారుతూ చెవి వెనకనుంచి జాకెట్టులోకి. నెత్తిమీద పాత చీరముక్కతో చుట్టిన చుట్టకుదురు పెట్టుకుని గంప ఎత్తుకుంటే ఆవిడ ఇంక అటూ ఇటూ చూడ్డానికి లేదు. ఎవరైనా పిలిస్తే కళ్ళు మాత్రమే తిరిగేవి. వేసవి సెలవుల్లో నేను కత్తిపీట పట్టుకుని వెనకాల నడిచేదాన్ని, అమ్మ మెడ మీద రెండు నరాలు తాళ్ళలా బిగిసి ఉండటం చూస్తూ. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ మెడ చెక్కముక్కలా అయిపోయేది. చాపమీద బోర్లా పడుకుంటే మామ్మ మూకుట్లో ఉప్పు చిటపటలాడేదాకా వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేది. మరీ నొప్పిగా ఉన్నరోజున జిల్లేడాకుకి ఆముదం రాసి, వెచ్చచేసి మెడమీద వేసేది. వేడి ఆముదం వాసన, కాలిన ఉప్పు వాసన, మూలనున్న వల పచ్చి వాసన, ఇవన్నీ కలిసినదే నాకు అమ్మ వాసన. వేరే అమ్మలు వేరేగా ఉంటారని బడికి వెళ్ళాకే తెలిసింది.

ఈ వైద్యంలో మామ్మకి ఒక కట్టుబాటు ఉండేది. చేప చెయ్యి వేరు, మందు చెయ్యి వేరు. చేపలమ్మే మనిషి తన చేత్తో తను మందు రాసుకోకూడదు. ఎవరు అమ్మకానికి వెళ్తారో వాళ్ళకి ఇంట్లో ఇంకొకరు రాయాలి. ఎందుకంటే కొనేవాళ్ళకి చేపని చూపించే పద్ధతి ఒకటుంది. చేపని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించాలి. అప్పుడు వాళ్ళు వంగి ముక్కు పెడతారు. అంటే బొటనవేలూ కొనేవాళ్ళ ముక్కూ ఒకేచోట కలుస్తాయి. ఆ వేలికి ఏముంటే చేపకి అదే ఉన్నట్టు. మామ్మ కాపడం పెట్టినా ఆముదం రాసినా తన చేతులే మసి చేసుకునేది, అమ్మ చేతుల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. తెల్లారి అమ్మ మెడని శీకాయతో రుద్ది, తనే వాసన చూసి, అప్పుడు పంపేది.

మా వాడుక ఇళ్ళన్నీ ధవళేశ్వరంలో ఒకే వీధిలో ఉండేవి. వరసగా ఆనకట్ట ఆఫీసు వాళ్ళ ఇళ్ళు. చేప తినే ఇళ్ళు, రుచి తెలిసిన ఇళ్ళు. ఆ వీధి ఉంది కాబట్టి మా ఇంట్లో పొయ్యి వెలిగేది. వేరే వీధుల్లో వేరేవాళ్ళ గంపలు తిరిగేవి, అటు వెళ్ళడానికి లేదు. అందులో ఒక ఇంట్లోకి ఓవర్సీరుగారి భార్య కొత్తగా కాపరానికి వచ్చింది. అమ్మ కంటే ఒకటి రెండేళ్ళు చిన్నది. నిండు గంపని ఎవరూ ఒంటరిగా దించుకోలేరు, ఎదుటి మనిషి ఒక చెయ్యి వెయ్యాలి. ఆ వీధిలో చాలామంది చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని దూరంగా నిలబడి నన్నే పట్టమనేవారు. ఆవిడ మాత్రం వరండాలో అత్తగారు ఉన్నారా లేదా అని వెనక్కి చూసి, లేకపోతే గబుక్కున రెండు చేతులూ వేసి దించేది. తర్వాత చేతులు కొళాయి దగ్గర కడుక్కునేది. కడుక్కుంటే కడుక్కుంది, చేతులు వేసింది కదా అని అమ్మ అనేది.

ఆవిడ వచ్చిన ఏడాది వేసవిలో కాలవలు కట్టేశారు. ఏటా కట్టేసేవారే, పూడిక తీయడానికి. కాలవల్లో నీళ్ళు అడుగంటి అక్కడక్కడ గుంటలు మిగిలేవి, వాటిల్లో చేపలు ఇరుక్కునేవి. కొందరు దుర్మార్గులు పొలాల్లో కొట్టే పురుగుల మందు ఆ గుంటల్లో కలిపేవారు. చేపలన్నీ వెల్లకిలా తేలేవి, గంపలకెత్తుకోవడమే. అలాంటివి తిని ఎక్కడో వాంతులయ్యాయని, ఎవరో పోయారని ఊళ్ళో గుసగుసలు. ఎవరు, ఎక్కడ అంటే ఎవరికీ తెలీదు. ఆ రోజుల్లో చేప కొనేవాళ్ళు చేపని కాదు, మా మొహాల్ని చూసేవారు. బడి కుర్రాళ్ళు నన్ను కూడా అడిగారు, మీ అయ్య ఎక్కడ పడతాడే అని. గోదాట్లో అన్నాను. కానీ ఆ నెలలో అయ్య మామూలు కంటే ముందే లేచి వెళ్ళేవాడు, ఎక్కడికో చెప్పేవాడు కాదు, మామూలు కంటే ఎక్కువ చేపలు తెచ్చేవాడు. నేను మామ్మ పెంపకంలో పెరిగినదాన్ని. లెక్క సరిపోకపోతే నాకు నిద్ర పట్టదు.

అమ్మ మెడ ఆ నెలలోనే అన్నిటికంటే ఎక్కువగా పట్టేసింది. ఒకరోజు ఓవర్సీరుగారింటి ముందు గంప దించాక కూడా తల ఎత్తలేకపోయింది. ఓవర్సీరుగారి భార్య చూసి, లోపలికెళ్ళి ఒక ట్యూబు తెచ్చి, కొంగు చాటున అమ్మ చేతిలో పెట్టింది. "ఇది రాసుకో సత్తెమ్మా. నరాలు వదులవుతాయి. మా అత్తగారికి మాత్రం తెలియనివ్వకు, ఇంట్లో వస్తువులు పంచేస్తున్నానని నన్ను బతకనివ్వరు" అంది. నేను పక్కనే ఉన్నాను. అమ్మ దాన్ని మామ్మకి చూపించలేదు. చూపిస్తే ఎక్కడిది, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, బదులుగా ఏం అడిగారు అని మామ్మ మొదలుపెడుతుంది. అందుకని పెరట్లో దడి చాటుకి వెళ్ళి, తన కుడిచేత్తో తనే రాసుకుంది. నా వైపు చూసి నోటిమీద వేలు పెట్టుకుంది. ఆ రాత్రి కాపడం వద్దంది, అందుకని తెల్లారి మామ్మ మెడ కడిగి వాసన చూడలేదు, గంప సర్దాక అమ్మ మళ్ళీ రాసుకుంది. గంప ఎత్తుకునేటప్పుడు ఆవిడ మొహం చూసి నాకు భలే అనిపించింది. మెడ ఇటూ అటూ తిప్పి చూపించి నవ్వింది. అమ్మ మెడ తిప్పి నన్ను చూడటం నాకు గుర్తున్నంతవరకూ అదే మొదలు.

దారి పొడుగునా ఆవిడ చెయ్యి మెడ మీదికి పోతూనే ఉంది. నొప్పి ఉందని కాదు, లేదేంటని. వీధి మొదట్లో హెడ్ గుమాస్తాగారి ఇల్లు. ఆయన భార్య ఒక బొచ్చె చేపని ఎంచుకుంది. అమ్మ బొటనవేలితో మొప్ప ఎత్తింది. ఆవిడ వంగింది. వంగినంత వేగంగానే లేచింది. "ఏంటే ఇది, మందు కంపు కొడుతోంది!" అంది. ఇంకొకటి చూసింది, అదీ అంతే. అమ్మ ప్రతి మొప్పనీ ఆ వేలితోనే ఎత్తుతోంది మరి. "ఇవి కాలవ గుంటల్లో మందు కలిపి పట్టినవి" అని ఆవిడ వీధి మొత్తానికి వినపడేలా అరిచింది. పక్కిళ్ళ వాళ్ళు వచ్చారు, వాళ్ళూ వంగారు, వాళ్ళూ లేచారు. "మందు కాదండి, మెడ నొప్పికి రాసుకున్నానండి, ఆ వాసనండి" అంది అమ్మ. "ఏం రాసుకున్నావు? ఎక్కడిది? తెచ్చి చూపించు" అన్నారు. అమ్మ చేపల మీద తడి గోనె కప్పేసింది. ఓవర్సీరుగారి వరండాలో అత్తగారు నశ్యం డబ్బీ పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. కోడలు స్తంభం పక్కన నిలబడి ఉంది. అమ్మ అటు చూడలేదు. తను చూస్తే వీధంతా అటు చూస్తుందని ఆవిడకి తెలుసు.

నిండు గంపతో ఇంటికి తిరిగొచ్చాం. అలా ఎప్పుడూ జరగలేదు. మామ్మ గంపని చూసింది, అమ్మని చూసింది, ఒక చేప తీసి మొప్ప వాసన చూసింది. తర్వాత అమ్మ కుడిచెయ్యి పట్టుకుని వాసన చూసింది. "ఎవరిచ్చారే?" అంది. అమ్మ చెప్పింది, ఇంక దాచి లాభం లేదని. "మరి ఆ మాట అక్కడ చెప్పొచ్చుగా? ఆవిడే ఇచ్చిందని!" అని మామ్మ గుడ్లురిమింది. "ఆవిడ మంచికే ఇచ్చింది అత్తా. పేరు చెప్పి ఆవిణ్ణి అల్లరి పెడితే రేపు మన మొహాన ఎవరైనా ఏమైనా ఇస్తారా?" అంది అమ్మ. మామ్మ ఓవర్సీరుగారి భార్యని తిడుతుందనుకున్నాను. గంపలోంచి ఒక బొచ్చె తీసి, మట్టి దాక, చింతపండు, ఉప్పు, కారం, ఎండు కొబ్బరి మట్టలు సర్దుకుని, "పదండి" అంది.

మిట్టమధ్యాహ్నం ఆ వీధి మధ్యలో హెడ్ గుమాస్తాగారి గుమ్మానికి ఎదురుగా మా మామ్మ మూడు ఇటికలు పెట్టి పొయ్యి వెలిగించింది. చేపని అందరికీ కనపడేలా తోమి, కోసి, పులుసు పెట్టింది. కిటికీలు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. హెడ్ గుమాస్తాగారి భార్య బయటికొచ్చి, "ఇదేంటి ముసలమ్మా, వీధిలో వంటేంటి?" అంది. "మా చేపలో మందుందన్నారంటగదండి. మందున్న చేప తింటే మనిషి పోతాడు కదండి. పోతామో ఉంటామో మీరే చూద్దురుగాని. పొద్దుగూకేదాకా ఎక్కడికీ కదలం లెండి" అంది మామ్మ, దాక కింద మట్ట ఎగదోస్తూ. పులుసు ఉడుకుతున్న వాసనకి ఆ ఎండలో కూడా జనం చేరారు. దించాక మామ్మ తన మట్టుకు ఒక ముక్క తినేసింది. గుంపులోంచి ఎవరో, "ముసలిదానికేం, ఎలాగూ పోయేదే" అన్నారు. మామ్మ ఆ గొంతు వచ్చినవైపు చూసి, ఇంకో ముక్క తీసి, ముళ్ళు ఏరి, నా వైపు చాపింది.

"దాన్నెందుకత్తా, నేను తింటాను" అని అమ్మ ముందుకొచ్చింది. "నువ్వు తింటే ఎవరికి కావాలే? నీ బిడ్డ తింటే నమ్ముతారు" అంది మామ్మ, చెయ్యి అలాగే చాపి ఉంచి. నాకు అప్పుడు వేసిన భయం ఇప్పటికీ పొట్టలో ఉంది. మందు ట్యూబు సంగతి నాకు తెలుసు. అమ్మ రాసుకోవడం కళ్ళారా చూశాను. అయినా భయమే. వాసన ట్యూబుదే కావచ్చు, కానీ చేప ఎక్కడిది? అయ్య ఈ నెలంతా ఎక్కడికి వెళ్తున్నాడు? అన్నేసి చేపలు ఎలా పడుతున్నాయి? వీధి వాళ్ళ అనుమానం అబద్ధమని తెలిసిన నాకే నా అనుమానం నాకుంది. అమ్మ మొహం చూశాను. ఆవిడ మెడ ఆ రోజు వదులుగా ఉంది కదా, చక్కగా తల ఊపింది, తినమని. తిన్నాను. పులుపు, కారం, మా మామ్మ చేతి రుచి. మింగాక కూడా నాలిక్కి ఏదో తగిలిందేమోనని వెతుక్కుంటూనే ఉన్నాను. తల తిప్పితే ఓవర్సీరుగారి వరండా కనపడింది. అత్తగారు నశ్యం పీలుస్తున్నారు. ఆవిడకి ముక్కు పనిచెయ్యడం మానేసి చాలా కాలమైంది. కోడలు స్తంభాన్ని పట్టుకుని నన్నే చూస్తోంది.

సాయంత్రందాకా ఆ వీధిలోనే కూర్చున్నాం. జనం వస్తూ పోతూ నన్ను చూసేవారు. ఒకావిడ వచ్చి కళ్ళ రెప్పలు ఎత్తి చూసింది. ఇంకొకావిడ, "కడుపులో తిప్పుతోందా?" అని అడిగింది, తిప్పితే బాగుండునన్నట్టు. వరండాలో ఆవిడ ఒక్క మాట అంటే చాలు, అది నేనిచ్చిన మందేనండి అంటే చాలు, మేం లేచి ఇంటికెళ్ళిపోవచ్చు. అనలేదు. అత్తగారికి భయపడిందా, చేపలమ్మే మనిషితో చేతులు కలిపిందని తెలిస్తే వీధిలో పరువు పోతుందనుకుందా, లేక అందరి మాటలూ విని తను కూడా మమ్మల్ని నిజంగానే అనుమానించిందా? ఇన్నేళ్ళుగా మూడూ తిప్పి తిప్పి చూశాను. మొదటిదైతే క్షమిస్తాను. రెండోదైనా ఏదో సర్దుకుంటాను. మూడోది గుర్తొచ్చినప్పుడు మాత్రం ఒళ్ళు మండుతుంది. పొద్దు వాలాక హెడ్ గుమాస్తాగారి భార్య గుమ్మంలోకొచ్చి, "సరేలే సత్తెమ్మా, రేపు తీసుకురా" అంది. మామ్మ దాక బోర్లించి లేచింది.

ఇంటికొచ్చాక అయ్యకి సంగతంతా చెప్పారు. అయ్య వల బాగుచేసుకుంటూ విన్నాడు. "నువ్వు కూడా తిన్నావా?" అన్నాడు నన్ను. తిన్నానన్నాను. "భయమేసిందా?" అన్నాడు. నాకు అబద్ధం రాలేదు, వేసిందన్నాను. "నా మీద కూడానా?" అన్నాడు. నేను వంగి వల కొస సర్దడం మొదలుపెట్టాను. మర్నాడు తెల్లవారగానే నన్ను పడవలో కూర్చోబెట్టుకుని ఆనకట్ట దిగువకి తీసుకెళ్ళాడు. నీళ్ళు తీసిన గోదాట్లో ఇసుకమేటల మధ్య ఒక లోతు మడుగు, పైకి కనపడకుండా తుంగలో. వల విసిరితే చేపలు గలగలా పైకొచ్చాయి, తోకలు కొట్టుకుంటూ. ఎవరికీ చెప్పకపోవడం ఇంకొకరు కాజేస్తారనట. "చూశావుగా. ప్రాణంతో ఉన్నాయి. ఇంక నీకు నిద్ర పడుతుందా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయ్య పోయేదాకా ఆ ప్రశ్న మా ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

ట్యూబుని మామ్మ స్వాధీనం చేసుకుంది. పారేస్తుందనుకున్నాం. తన మోకాళ్ళకి రాసుకోవడం మొదలుపెట్టింది, తనకి చేపలమ్మే పని లేదు కదా. రాసుకుని, లేచి నడిచి చూసి, మళ్ళీ కూర్చుని, "నొప్పి పోయినట్టే ఉంది. పోయింది ఎక్కడికి పోయిందో చూడాలి. ఇక్కడే ఎక్కడో నక్కుంటది" అనేది. రోజంతా ఒంట్లో మిగతా చోట్ల నొక్కి చూసుకునేది. ట్యూబు అయిపోయేదాకా దాన్ని నమ్మలేదు, అయిపోయేదాకా వదలనూ లేదు.

వీధి మాకు దక్కింది. చేపలు కొన్నారు, ఎప్పటిలాగే బేరాలాడారు. కానీ ఒక అలవాటు కొత్తగా వచ్చింది. చేపని చూసే ముందు అమ్మ చేతిని చూసేవారు. మొదట్లో హెడ్ గుమాస్తాగారి భార్య అడిగి వాసన చూసింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. కొన్నాళ్ళకి ఎవరూ అడగకుండానే, గంప దించగానే అమ్మ కుడిచెయ్యి చాపేది. వాళ్ళు వంగి వాసన చూసేవారు. ఓవర్సీరుగారి భార్య కూడా చూసింది. వరండాలో అత్తగారు ఉన్నారు మరి. ఆవిడ వంగినప్పుడు అమ్మ ఎటో చూస్తూ నిలబడింది. ఆ తర్వాత అమ్మ మెడకి ఏ మందూ తగలనివ్వలేదు, మామ్మ చేత కూడా రాయించుకోలేదు. జిల్లేడాకు లేదు, ఆముదం లేదు, ఉత్త ఉప్పు కాపడం, అంతే. పోనుపోను ఆ మెడ ఒకవైపు వాలిపోయి అలాగే కుదురుకుంది. నా పెళ్ళి ఫొటోల్లో అమ్మ ఎవరో చెవిలో ఏదో చెబుతుంటే వింటున్నట్టు ఉంటుంది. చూసినవాళ్ళు ముచ్చటగా ఉందంటారు.

ఇప్పుడు ఈ జెల్లు. దాన్ని నేను వెంటనే రాసుకోలేదని వేరే చెప్పాలా? ముందు మోచేతి మీద కొంచెం రాసి ఒక పూట చూశాను. కాగితంలో చిన్న అక్షరాలన్నీ భూతద్దం పెట్టి చదివాను. చివరికి మెడకి రాసుకుంటే, ఒకటి రెండు రోజుల్లో మెడ ఎడమవైపు తిరిగింది. తిరిగినందుకు సంతోషించాలి కదా. నేను ఒళ్ళంతా నొక్కి చూసుకున్నాను, పోయిన నొప్పి ఎక్కడ నక్కిందోనని. మా కోడలు నవ్వుతుంటే మా మామ్మ సంగతి చెప్పాను, అమ్మ సంగతి చెప్పలేదు. ఆ రోజుల్లో ఇలాంటిది ఒక్కటి ఉండి ఉంటే అమ్మ మెడ నిటారుగా ఉండేదని లెక్క వేసుకుంటూ కూర్చుంటే ఏడుపొచ్చింది. అప్పటికంటే ఇప్పుడు మందులు మంచివి. మనుషుల సంగతి చెప్పలేను.

మా సందులోకి మంగ అని ఒకమ్మాయి మోపెడ్ మీద ఐసుపెట్టె కట్టుకుని చేపలు తెస్తుంది. ఇప్పుడు ఎవరూ మొప్ప దగ్గర ముక్కు పెట్టరు. ఫోన్లో వీడియో చూసి వచ్చి, ఐసులో మందు కలుపుతున్నారట కదా అని దూరంగా నిలబడి అడుగుతారు. ఆ మధ్య మంగ పెట్టె దించుతూ మెడ పట్టుకుని ఆగిపోయింది. ఏమన్నా రాసుకుంటున్నావా అని అడిగాను. "ఎక్కడమ్మా. వాసనొత్తే ఒక్కరు కొంటారా?" అంది. ఆ మాట నేను ఎక్కడ విన్నానని వెతుక్కోనక్కర్లేదు కదా. మందులషాపుకి వెళ్ళి కొత్త ట్యూబు కొని తెచ్చి, మర్నాడు గేటు దగ్గర అందరూ ఉండగా, అందరికీ వినపడేలా, "ఇదిగో మంగా, నేనిస్తున్నాను, మెడకి రాసుకో" అన్నాను. మా కోడలు నా వైపు అదోలా చూసింది. మంగ మూత తీసి వాసన చూసి, నన్ను ఎగాదిగా చూసింది. "వాసన లేదేంటమ్మా? ఇది పని చేత్తదా?" అంది. నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. "నేనూ నమ్మలేదు. పని చేసింది" అన్నాను.

నిన్న మంగ వచ్చింది. మోపెడ్ ఆపి, మెడ అటూ ఇటూ తిప్పి చూపించి నవ్వింది. పెట్టె మూత ఇంకా తియ్యలేదు. గేటు దగ్గర నలుగురం ఉన్నాం. ఎవరూ ఏమీ అడగలేదు. తనంతట తనే కుడిచెయ్యి నా మొహం ముందుకి చాపి, "సూడండమ్మా, ఏ వాసనా రావట్లా" అంది. ఐసు తడికి వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి. నేను ఆ చేతిని పట్టుకుని కిందికి దించాను. పెట్టె తియ్యమన్నాను. చేప మొప్ప మాత్రం ఎత్తి చూశాను.